బల్గేరియాలో నాలుగు రోజులు: ఏ ఊళ్ళో ఆగాలి, ఏది వదిలేయాలి

బల్గేరియా వెళ్ళొచ్చిన మనవాళ్ళ దగ్గర తరచుగా వినిపించే మాట ఇది: "ఖర్చు తక్కువే అయింది కానీ, పెద్దగా ఏమీ లేదండీ." జర్మనీ నుంచో ఐర్లాండ్ నుంచో చవగ్గా టికెట్ దొరుకుతుంది, లాంగ్ వీకెండ్ కలిసొస్తుంది, మ్యాప్‌లో దేశం చిన్నగా కనిపిస్తుంది. ఇంకేం, నాలుగు రోజుల్లో నాలుగు ఊళ్ళు అని ప్లాన్ వేసేస్తారు. సోఫియాలో దిగడం, మర్నాడు ప్లోవ్‌దివ్, అక్కణ్ణుంచి వెలికో తర్నొవో, చివర్న వార్నాలో సముద్రం. తిరిగొచ్చాక ఏ ఊరు ఏదో గుర్తుండదు, బస్సు కిటికీ మాత్రం గుర్తుంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాలుగైదు రోజుల ట్రిప్ అయితే బల్గేరియాలో రెండు ఊళ్ళకు మించి రాత్రి బస పెట్టుకోవద్దు. ఆ రెండింటిలో ఒకటి ప్లోవ్‌దివ్ అయితే మంచిది. రెండోది మీ ఇష్టాన్ని బట్టి, మీరు వెళ్ళే నెలను బట్టి మారుతుంది.

ముందు దూరాల సంగతి చూద్దాం. బల్గేరియా వైశాల్యం సుమారు 1,11,000 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు మన తెలంగాణ అంత. చిన్నదేగా అనిపిస్తుంది. కానీ దేశం మధ్యలో పడమర నుంచి తూర్పుకు బాల్కన్ పర్వతాలు అడ్డంగా పడుకుని ఉన్నాయి. వాటికి దక్షిణాన సోఫియా నుంచి ప్లోవ్‌దివ్ మీదుగా బుర్గాస్ దాకా మంచి మోటార్‌వే ఉంది, అది 2013లోనే పూర్తయింది. ఉత్తరాన సోఫియా నుంచి వార్నాకు వేయాల్సిన మోటార్‌వే మాత్రం ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. అందుకే సోఫియా నుంచి ప్లోవ్‌దివ్‌కు బస్సులో రెండు గంటలు చాలు. ప్లోవ్‌దివ్ నుంచి తర్నొవోకు కొండలు దాటాలి, నాలుగు గంటలదాకా పడుతుంది, నేరుగా వెళ్ళే బస్సులూ తక్కువే. తర్నొవో నుంచి వార్నా మరో మూడున్నర గంటలు. వార్నా నుంచి మళ్ళీ సోఫియాకు ఆరేడు గంటలు. రైళ్ళు ఇంకా నెమ్మది. వీటికి హోటల్ ఖాళీ చేయడం, లగేజీ లాక్కుంటూ బస్ స్టాండ్ వెతుక్కోవడం, కొత్త ఊళ్ళో మళ్ళీ చెక్ ఇన్ కలిపితే, నాలుగు రోజుల్లో రెండు రోజుల వెలుతురు ప్రయాణానికే పోతుంది.

ఇంకో కారణం మనుషులకు సంబంధించింది. 1980లలో ఈ దేశ జనాభా తొంభై లక్షలకు దగ్గరగా ఉండేది. 2021 జనాభా లెక్కల నాటికి 65 లక్షలకు పడిపోయింది. యువత జర్మనీకి, బ్రిటన్‌కు, స్పెయిన్‌కు వెళ్ళిపోయింది, 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక అది మరీ తేలికైంది. అందుకే సెంటర్ దాటి రెండు వీధులు లోపలికి వెళ్తే పెచ్చులూడిన గోడలు, తాళం వేసిన షాపులు, కమ్యూనిస్టు కాలంలో కట్టిన పానెల్ అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. ప్రాగ్, వియన్నా చూసిన కళ్ళతో వెళ్తే ఇదే మొదటి దెబ్బ. ఇక్కడ ప్రతి వీధీ ఫోటోకు పనికిరాదు. బాగున్నవి బాగా ఉంటాయి, వాటి మధ్య ఖాళీలు ఎక్కువ.

సోఫియా: ఒక పూట చాలదు, మూడు రోజులు ఎక్కువ

ఎక్కువమందిని నిరాశపరిచేది సోఫియానే. దానికి కారణం ఊరి చరిత్రలోనే ఉంది. 1879లో రాజధాని అయ్యేనాటికి సోఫియా చిన్న పట్టణం. రాజధాని హంగులన్నీ ఆ తర్వాత కట్టుకున్నవే. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల బాంబులకు సెంటర్ చాలావరకు దెబ్బతింది, ఆ ఖాళీలో 1950లలో స్టాలిన్ తరహా భారీ ప్రభుత్వ భవనాలు లేచాయి. కాబట్టి "ఓల్డ్ టౌన్ ఎక్కడ?" అని గూగుల్ మ్యాప్స్‌లో వెతికితే దొరకదు. రెండువేల ఏళ్ళ రోమన్ ఊరు ఉంది, కానీ అది కాళ్ళ కింద ఉంది.

సెర్దికా మెట్రో స్టేషన్‌లో దిగితే ఆ రోమన్ వీధుల మీదే నడుస్తాం, టికెట్ కూడా అక్కర్లేదు. అక్కడికి కొద్ది నిమిషాల నడకలోనే బాన్యా బాషీ మసీదు, 1909 నాటి యూదుల ప్రార్థనా మందిరం, క్యాథలిక్ చర్చి, ఆర్థొడాక్స్ చర్చి అన్నీ ఉన్నాయి. ప్రెసిడెంట్ ఆఫీసు వెనకాల పెరట్లో నాలుగో శతాబ్దపు గుండ్రటి ఇటుక చర్చి, సెయింట్ జార్జ్ రోటుండా, చుట్టూ ఎత్తైన భవనాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. సోఫియాలో నాకు బాగా నచ్చింది అదే. అందరూ వెళ్ళే అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథడ్రల్ 1912లో పూర్తయింది. బంగారు గుమ్మటాలు బయట నుంచి అద్భుతంగా ఉంటాయి, లోపల చీకటి. పాత స్నానశాల భవనం పక్కన వేడి మినరల్ నీళ్ళ కుళాయిలు ఉన్నాయి. ఊరివాళ్ళు క్యాన్లు తెచ్చి నింపుకుపోతుంటారు. ఒక గుక్క తాగి చూడండి, రెండో గుక్క తాగాలనిపించకపోవచ్చు.

ఇదంతా నడుస్తూ చూస్తే ఒక నిండు రోజు. అర్ధరోజులో ముగించాలనుకునేవాళ్ళు కెథడ్రల్ ముందు సెల్ఫీ దిగి, వీతోషా బూలెవార్డ్‌లో కాఫీ తాగి, ఇంతేనా అనుకుంటారు. బూలెవార్డ్ చివర వీతోషా పర్వతం కనిపిస్తుంది కాబట్టి ఆ వీధి అందంగా అనిపిస్తుంది, అంతకుమించి అక్కడ అన్ని దేశాల్లో ఉండే బ్రాండ్ షాపులే.

రెండో రోజు ఉంటే ఊరి శివార్లలోని బోయానా చర్చికి వెళ్ళండి. 1259లో వేసిన గోడ చిత్రాలు ఇంకా ఉన్నాయి. అందులోని మొహాలు నిజమైన మనుషుల్లా, ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటాయి. యునెస్కో దీన్ని 1979లోనే వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకసారికి కొద్దిమందినే, అదీ సుమారు పది నిమిషాలే లోపల ఉండనిస్తారు, ఫోటోలు తీయనివ్వరు. ఆ పది నిమిషాల కోసం ఇంత దూరమా అని అడిగేవాళ్ళున్నారు. గుళ్ళలో, గుహల్లో పాత చిత్రాలు ఇష్టంగా చూసేవాళ్ళయితే ఆ ప్రశ్న రాదు. ఇష్టం లేనివాళ్ళు మానేయడమే మంచిది.

చలికాలంలో సోఫియాకు ఇంకో ఇబ్బంది ఉంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. కట్టెలు, బొగ్గు కాల్చే పొగ కదలకుండా అక్కడే ఉండిపోతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు ఇది ఆలోచించుకోవాలి.

ప్లోవ్‌దివ్: రాత్రి ఉండకపోతే సగమే చూసినట్టు

సోఫియాలో హోటల్ తీసుకుని ప్లోవ్‌దివ్‌కు ఒక్క రోజు వెళ్ళి రమ్మని చాలామంది సలహా ఇస్తారు. దూరం 145 కిలోమీటర్లే కాబట్టి సాధ్యమే. కానీ నేనైతే వేరేలా చెబుతాను: ప్లోవ్‌దివ్‌లో కనీసం ఒక రాత్రి ఉండి, సోఫియాను రాకపోకల రోజుల్లో చూడండి.

ప్లోవ్‌దివ్‌లో చూడాల్సినవన్నీ నడక దూరంలో ఉంటాయి. మధ్యలో దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున వాహనాలు తిరగని వీధి. ఆ వీధి కిందే రోమన్ స్టేడియం ఉంది, ముప్ఫై వేలమంది పట్టేది. ఒక చివర మాత్రం తవ్వి తెరిచారు, మిగతాదాని మీద బట్టల షాపులు, ఐస్‌క్రీమ్ బండ్లు. దాని పక్కనే జుమాయా మసీదు. అక్కణ్ణుంచి కొండెక్కితే రోమన్ థియేటర్. 1970లలో కొండచరియ జారాక బయటపడింది, తవ్వి బాగుచేశాక ఇప్పుడు వేసవిలో అందులో ఓపెరాలు, కచేరీలు జరుగుతాయి. టికెట్ కొనకుండా పైనున్న గోడ దగ్గర నిలబడి కూడా థియేటర్ మొత్తం చూడొచ్చు. కింద మెట్ల మీద కూర్చోవాలంటేనే టికెట్.

ఓల్డ్ టౌన్‌లో 19వ శతాబ్దపు వ్యాపారుల ఇళ్ళు ఉన్నాయి. పై అంతస్తు వీధిలోకి పొడుచుకొచ్చి, గోడల నిండా పూల రంగులతో ఉంటాయి. వాటిలో 1847లో కట్టిన ఒక పెద్ద ఇంట్లో ఇప్పుడు ఎత్నోగ్రఫిక్ మ్యూజియం నడుస్తోంది. రెండిళ్ళు చూస్తే చాలు, మూడోది చూసేసరికి సోఫాలు, కార్పెట్లు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆ వీధుల్లో పరిచిన రాళ్ళు పెద్దవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. స్ట్రాలర్ తోయడం నరకం, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకు కూడా కష్టమే. కింద ఉన్న బిషప్స్ బసిలికా మాత్రం వాళ్ళకు సరిపోతుంది. 2021లో తెరిచిన ఆ మ్యూజియంలో పదహారు వందల ఏళ్ళనాటి మొజాయిక్ నేల మీద బొమ్మలుగా ఉన్న పక్షుల్ని చదునైన దారుల్లో నడుస్తూ చూడొచ్చు.

ఏడు కొండల ఊరు అంటారు కానీ, ఇప్పుడున్నవి ఆరే. ఒకదాన్ని రోడ్లకు రాళ్ళ కోసం కొట్టేశారు, దాని చోట ఇప్పుడు మాల్ ఉంది. సాయంత్రం నెబెట్ తెపే ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది, గిటార్లతో కాలేజీ పిల్లలు కూర్చుని ఉంటారు. తర్వాత కిందికి దిగితే కపానా అనే పాత చేతివృత్తుల పేట, సన్నని సందులు, చిన్న బార్లు, కెఫేలు. 2019లో ఈ ఊరు యూరోపియన్ సాంస్కృతిక రాజధానిగా ఉన్నప్పుడు ఆ పేటకు కొత్త ఊపు వచ్చింది. డే ట్రిప్‌కు వచ్చినవాళ్ళు సరిగ్గా ఇక్కడ జనం చేరే వేళకే బస్సెక్కి వెళ్ళిపోతారు.

ఒక పూట మిగిలితే ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, 1083లో స్థాపించిన బాచ్కొవో మఠం, దారిలో కొండకొమ్మున అసెన్ కోట ఉన్నాయి. ఇంకో ఊరికి మారడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. సోమవారం మాత్రం ప్లోవ్‌దివ్‌కు కేటాయించకండి, మూసి ఉండే మ్యూజియంలు ఉంటాయి.

తర్నొవో, వార్నా: మంచి ఊళ్ళే, మీ నాలుగు రోజులకు కాదు

వెలికో తర్నొవో ఫోటోల్లో నలుగురిలోకీ అందగత్తె. యాంత్రా నది మెలికలు తిరుగుతూ పోతుంటే దాని మీద కొండ వాలున ఇళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. 1185 నుంచి 1393లో ఒట్టోమన్ల చేతిలో పడేదాకా రెండో బల్గేరియన్ సామ్రాజ్యానికి ఇదే రాజధాని. త్సారెవెత్స్ కోట పేరు విని వెళ్ళేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: ఇప్పుడు కనిపించే బురుజులు, గోడలు, కొండమీది చర్చి చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి కట్టినవే. చర్చి లోపల 1985లో వేసిన ఆధునిక చిత్రాలున్నాయి, బూడిద రంగులో, కొంచెం భయపెట్టేలా. పాత గోడ చిత్రాలు ఆశించి వెళ్ళినవాళ్ళు మొహం వేలాడేసుకుని బయటికొస్తారు. నాకు అవి నచ్చాయి, అది వేరే సంగతి. రాత్రి కోట మీద వేసే లైట్ షో రోజూ ఉండదు. ముందే తేదీ కనుక్కోకుండా దానికోసం ఒక రాత్రి ఖర్చు పెట్టకండి.

ఎవరికి సరిపోతుందంటే, కారు అద్దెకు తీసుకున్నవాళ్ళకు, లేదా బుకారెస్ట్‌లో దిగి కిందికి వస్తున్నవాళ్ళకు. 2025 జనవరి 1 నుంచి రొమేనియా, బల్గేరియా రెండూ రోడ్డు సరిహద్దులతో సహా షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఉన్నాయి కాబట్టి రూసె దగ్గర డాన్యూబ్ వంతెన దాటడం ఇదివరకటి కన్నా చాలా తేలిక. బుకారెస్ట్, తర్నొవో, ప్లోవ్‌దివ్, సోఫియా అని ఆరేడు రోజుల్లో వస్తే తర్నొవో దారిలోనే పడుతుంది. సోఫియా నుంచి వెళ్ళి సోఫియాకే రావాలంటే మాత్రం రానూపోనూ ఏడు గంటలు.

వార్నా సంగతి సూటిగా చెప్పాలంటే జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వెళ్తే సముద్రం ఉంటుంది, మిగతా నెలల్లో మ్యూజియం ఉంటుంది. ఆ మ్యూజియం నిజంగా గొప్పది. 1972లో ఊరి శివారులో బయటపడిన శ్మశానంలో దాదాపు మూడు వందల సమాధులు, వాటిలో మొత్తం ఆరు కిలోల బంగారు వస్తువులు దొరికాయి. క్రీస్తుపూర్వం నాలుగు వేల ఏళ్ళ పైమాట, ప్రపంచంలో మనిషి పనితనం ఉన్న బంగారంలో అతి పాతదాని కిందికి వస్తుంది. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళు ఆ ఒక్క గది కోసం వెళ్ళొచ్చు. బీచ్ కోసమే అయితే వైజాగ్‌లో పెరిగినవాళ్ళకు వార్నా బీచ్ ఏమంత కొత్తగా ఉండదు. నవంబర్‌లో అయితే సగం రెస్టారెంట్లకు తాళాలు, ఈదురు గాలి.

వేసవిలో సముద్రమే ముఖ్యమనుకుంటే వార్నా కన్నా బుర్గాస్‌లో దిగండి. అక్కణ్ణుంచి నెసెబర్, సొజోపోల్ రెండూ సుమారు 35 కిలోమీటర్లే. నెసెబర్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన చిన్న పాత ఊరు, పాత చర్చిలతో నిండి ఉంటుంది, 1983 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆగస్టు మధ్యాహ్నం అక్కడ మాగ్నెట్లు, టీ షర్టులు అమ్మే షాపుల మధ్య చర్చిలు వెతుక్కోవాలి. పొద్దున్న తొమ్మిదికి ముందు వెళ్ళండి. పక్కనున్న సన్నీ బీచ్ బ్యాచిలర్ పార్టీల చోటు, ఫ్యామిలీతో అయితే అటు హోటల్ వద్దు.

మూడో ఊరి బదులు రీలా

నాలుగు రోజుల్లో ఇంకో చోటు కావాలనిపిస్తే అది ఊరు కాకూడదు. సోఫియా నుంచి 120 కిలోమీటర్ల దూరంలో, 1147 మీటర్ల ఎత్తున అడవి మధ్య రీలా మఠం ఉంది. పదో శతాబ్దంలో ఇవాన్ రిల్స్కీ అనే సన్యాసి పేరున మొదలైంది. 1833లో కాలిపోయాక మళ్ళీ కట్టిందే ఇప్పుడు చూస్తున్నది. నలుపు, తెలుపు, ఎరుపు చారల కమానులు, చర్చి బయటి వరండా అంతా స్వర్గ నరకాల బొమ్మలు. నరకంలో పాపులకు పడే శిక్షలు చూస్తే మన గరుడ పురాణం చదివినవాళ్ళకు నవ్వొస్తుంది, ఎక్కడైనా అవే శిక్షలు. ఆవరణలోకి ఉచితంగానే వెళ్ళొచ్చు.

మామూలు బస్సులు తక్కువ, వాటి టైమింగులు ట్రిప్‌కు కుదరవు. సోఫియా నుంచి బోయానా, రీలా కలిపి తీసుకెళ్ళే షటిల్ వ్యాన్‌లే సులువు. రీలా సప్త సరస్సులు మాత్రం వేరే రోజు, వేరే కాళ్ళు. జూలై నుంచి సెప్టెంబర్ మధ్యనే, అదీ గంటల తరబడి కొండ నడక అలవాటున్నవాళ్ళకు. రెండూ ఒకే రోజు చూపిస్తామనే ప్యాకేజీలు తీసుకుంటే మఠంలో మీకు దొరికేది ఫోటో తీసుకునే టైమే.

కాబట్టి మొదటిసారి వెళ్ళే జంటకు నేను చెప్పేది: దిగిన రోజు సాయంత్రం సోఫియా, మర్నాడు రీలా, మూడో రోజు పొద్దున్నే బస్సులో ప్లోవ్‌దివ్, అక్కడ రాత్రి, నాలుగో రోజు మధ్యాహ్నం దాకా అక్కడే తిరిగి సోఫియా మీదుగా ఫ్లైట్. చిన్న పిల్లలుంటే రీలా తీసేసి సోఫియాలో పార్కులకు టైమివ్వండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే సోఫియాలోనే ఉండి రీలా ఒక్కటి పెట్టుకోండి, ప్లోవ్‌దివ్ రాళ్ళ మీద వాళ్ళను నడిపించొద్దు. మీకు పెద్ద భవనాలు, నది ఒడ్డు, రాత్రి లైట్లు, ప్రతి మూలా ముస్తాబై ఉండటం ముఖ్యమైతే అసలు బల్గేరియా వద్దు. అవే నాలుగు రోజులు బుడాపెస్ట్‌లో పెట్టండి, డబ్బు కాస్త ఎక్కువైనా తృప్తిగా వస్తారు.

బుక్ చేసేముందు

2026 జనవరి 1 నుంచి బల్గేరియాలో యూరోనే. పాత బ్లాగుల్లో ధరలు అంతకుముందటి కరెన్సీ లెవాల్లో ఉంటాయి, వాటిని సుమారుగా సగం చేసుకుంటే యూరోలొస్తాయి, ఆ పైన పెరిగిన ధరలు మీరే కలుపుకోండి. చిల్లరగా ఎవరైనా పాత లెవా నోట్లిస్తే తీసుకోవద్దు, అవి షాపుల్లో చెల్లవు.

షెంగెన్ దేశంలో రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మనవాళ్ళకు వేరే వీసా అక్కర్లేదు. బ్రిటన్‌లో ఉంటూ ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు మాత్రం షెంగెన్ వీసా కావాలి. షెంగెన్‌లో 90 రోజుల లెక్కలో ఉన్నవాళ్ళకు బల్గేరియాలో గడిపిన రోజులు ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తాయి. ఒకప్పుడు రోజులు మిగుల్చుకోవడానికి బల్గేరియాకు వెళ్ళే చిట్కా ఉండేది, అది ఇక పనిచేయదు.

ఈస్టర్ సెలవులకు వెళ్ళేవాళ్ళు తేదీ చూసుకోవాలి. బల్గేరియన్లది ఆర్థొడాక్స్ ఈస్టర్. 2026లో పశ్చిమ దేశాలకు ఏప్రిల్ 5 అయితే వాళ్ళకు ఏప్రిల్ 12. వాళ్ళ గుడ్ ఫ్రైడే నుంచి సోమవారం దాకా సెలవులు, బస్సులు కిటకిటలాడతాయి.

సోఫియా ఎయిర్‌పోర్ట్ రెండో టెర్మినల్ నుంచి మెట్రో నేరుగా సెంటర్‌కు వెళ్తుంది. బయట మిమ్మల్ని పలకరించే టాక్సీ డ్రైవర్లతో మాట కలపకుండా మెట్రో ఎక్కేయండి. పేరున్న కంపెనీల బోర్డులకు దగ్గరగా ఉండే బోర్డులు పెట్టుకుని నాలుగింతలు తీసుకునే టాక్సీలు అక్కడ పాత బెడద.

శాకాహారులు పస్తుండక్కర్లేదు. టమాటా, దోసకాయ మీద తెల్ల చీజ్ తురుము వేసే షోప్‌స్కా సలాడ్, పొద్దున్నే బేకరీల్లో చీజ్ పెట్టి పొరలు పొరలుగా చేసే వేడి బనిత్సా, చిక్కుడు గింజల సూప్, చల్లటి పెరుగులో దోసకాయ, వెల్లుల్లి, సోయాకూర (డిల్ ఆకు) వేసి ఇచ్చే తరాతోర్ దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. "బెజ్ మెసో" అంటే మాంసం లేకుండా అని అర్థమవుతుంది. పాలు, గుడ్లు కూడా వద్దనుకుంటే "పోస్‌నో" అనండి, అది చర్చి ఉపవాసాల వంట. కారం మాత్రం ఆశించకండి, పచ్చడి పాకెట్ వెంట ఉంచుకోండి. ఆర్డర్ ఇచ్చాక వెయిటర్ తల అడ్డంగా ఊపితే కంగారుపడొద్దు. వాళ్ళలో అడ్డంగా ఊపితే ఔను, పైకీ కిందికీ ఊపితే కాదు. మన ఊపుడు వాళ్ళకు ఎలా కనిపిస్తుందో గానీ, డబ్బుల విషయం వచ్చినప్పుడు మాత్రం నోటితో "దా" అనో "నే" అనో చెప్పించుకోవడం మంచిది.